బాపు కుంచె, బాపు కెమెరా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బాపు బొమ్మల గురించి, సినిమాల గురించి, టీవీ పని గురించి వచ్చిన ఉత్తరాలు ఓ కట్టయ్యాయి. పొగడ్తలూ తగువులూ పక్కన పెట్టి, పని ఎలా జరిగిందని అడిగినవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. కొంతమంది సొంతంగా చేసి చూస్తామన్నారు కాబట్టి కొలతలు, ఎక్కడ బెడిసికొడుతుందో కూడా రాశాం.

ప్రశ్న: లా చదివి, బొమ్మలు వేసుకునే మనిషి ఒక్కసారిగా డైరెక్టరు కుర్చీలో ఎలా కూర్చున్నారు?

జవాబు: ఒక్కసారిగా కాదు, పన్నెండేళ్లు పట్టింది. బాపు (అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ) 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టారు, చదువు మద్రాసులో. 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా తీసుకుని, అదే ఏడాది ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. తర్వాత కథలకు బొమ్మలు, పుస్తకాలకు అట్టలు, వ్యాపార ప్రకటనలు. మొదటి సినిమా 'సాక్షి' 1967లో వచ్చింది.

ఏళ్ల తరబడి సెట్లో క్లాపు కొట్టిన చరిత్ర ఆయనకు లేదన్నది నిజమే. కానీ ఆ పన్నెండేళ్లలో చేసిన పనేమిటో చూడండి. కథకు బొమ్మ వేసేవాడు పది పేజీల్లోంచి ఒక్క క్షణాన్ని ఏరుకోవాలి. కార్టూను వేసేవాడు ఒకే గడిలో పరిస్థితినీ, దాని మీద చురకనీ ఇమడ్చాలి. ప్రకటన వేసేవాడు పేజీ తిప్పేలోపు చూపు పట్టుకోవాలి. షాటు ఎక్కడ మొదలెట్టాలి, ఎక్కడ కోయాలి అన్న విద్యకు ఇంతకన్నా మంచి బడి ఉండదు.

రెండో సంగతి, ఆయన ఒక్కరే రాలేదు. పక్కన ముళ్లపూడి వెంకటరమణ ఉన్నారు. రమణ అప్పటికే 'రక్తసంబంధం' (1962), 'దాగుడుమూతలు' (1964) లాంటి సినిమాలకు రాసి ఉన్నారు. అంటే ఇద్దరిలో ఒకరికి స్టూడియో లోపలి దారులు తెలుసు. 'సాక్షి'ని స్టూడియో సెట్లలో కాకుండా గోదావరి పక్కన పులిదిండిలో తీశారు. హత్య చూసి కోర్టులో సాక్ష్యం చెప్పిన అమాయకుడు, వాడిని ఒంటరిగా వదిలేసిన ఊరు, అంతే కథ. 1968లో తాష్కెంటు చిత్రోత్సవంలో చూపించారు.

ప్రశ్న: ప్రతి షాటుకీ ముందే బొమ్మ వేసుకునేవారని విన్నాం. నేను పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నాను. నాకు బొమ్మలు రావు. ఆ పద్ధతి నాకు పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది. బొమ్మలు రానివాళ్లకే ఎక్కువ పనికొస్తుందని మా అభిప్రాయం, ఎందుకో చివర్లో చెబుతాం.

ముందు ఆయన కాలం లెక్క. 35 ఎంఎం ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు పోతుంది. 400 అడుగుల చుట్ట నాలుగున్నర నిమిషాల లోపే అయిపోతుంది. ముడి ఫిల్ము విదేశాల నుంచి రావాలి, దాని మీద ప్రభుత్వం ఆంక్షలుండేవి. సెట్లో నిలబడి "ఇటు నుంచి కూడా ఒకటి తీసి చూద్దాం" అనుకుంటే ఆ చూద్దాం ఖరీదు అడుగుల్లో పడేది. కాగితం మీద కొట్టేసి మళ్లీ గీసుకుంటే రబ్బరు ముక్క ఖర్చు. బాపు స్క్రిప్టు చూడటానికి బొమ్మల కథల పుస్తకంలా ఉంటుందని పేరు. కెమెరామనికీ, కళాదర్శకుడికీ, నటులకీ ఒకే పేజీ చూపిస్తే సరిపోయేది, వేరే వివరణ అక్కర్లేదు.

ఇక మీ పని. ఎ4 కాగితం నిలువుగా పెట్టుకుని 8 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తుతో గడులు గీయండి. ఇది నేటి టీవీ, ఫోను అడ్డ తెర కొలత. అడ్డంగా రెండు, నిలువుగా మూడు, పేజీకి ఆరు గడులు. ప్రతి గడి కింద నాలుగు సెంటీమీటర్లు ఖాళీ ఉంచండి, అసలు సమాచారం అక్కడే ఉంటుంది. సినిమాస్కోపులో, అంటే ఇంకా వెడల్పు తెరకు తీస్తే అదే వెడల్పుకు ఎత్తు 3.4 సెంటీమీటర్లకు తగ్గించాలి. ఈ కొలత తప్పితే మొత్తం వృథా. చదరపు గడిలో బొమ్మ వేసుకుని అడ్డ తెరకు తీస్తే, తల పైన ఆకాశమూ కాళ్ల కింద నేలా సెట్లో మాయమైపోతాయి.

గడిలో మొదట కంటి గీత గీయండి, అంటే కెమెరా ఏ ఎత్తులో ఉందో ఆ అడ్డగీత. నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో కెమెరా ఉంటే, అదే ఎత్తున్న వాళ్లు దగ్గరున్నా దూరమున్నా అందరి కళ్లూ ఆ గీత మీదే పడతాయి. కెమెరా నేల దగ్గర ఉంటే గీత కిందికి దిగుతుంది, మనుషులు పైకి లేస్తారు. తర్వాత మనుషుల్ని కోడిగుడ్డు తలతో, పుల్ల ఒంటితో వేయండి. ముక్కు స్థానంలో చిన్న గీత పెడితే ఎటు చూస్తున్నారో తెలుస్తుంది. మనిషి కదిలితే బాణం గడి లోపల, కెమెరా కదిలితే బాణం గడి బయట. ఈ రెండూ కలిపేస్తే చదివేవాడు తికమకపడతాడు. గడి కింద షాటు నంబరు, ఎన్ని సెకన్లు, మాట, చప్పుడు రాయండి.

షాటుకు సగటున ఆరు సెకన్లు అనుకున్నా పది నిమిషాలకు వంద షాట్లు, అంటే పదిహేడు పేజీలు. నలభై పేజీలు వచ్చాయంటే మీరు ఒకే షాటును మూడేసి గడుల్లో గీస్తున్నారన్నమాట. అయిదు పేజీల్లో అయిపోయిందంటే సీను రాశారే గాని చూడలేదు.

ఎక్కువమంది దెబ్బతినే చోటు ఒకటుంది. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక ఊహా గీత ఉంటుంది. కెమెరా ఎప్పుడూ ఆ గీతకు ఒకే పక్కన ఉండాలి. దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తూ మూడో మనిషితో మాట్లాడుతున్నట్టు కనిపిస్తారు. గడులు వరసగా పెడితే ఈ తప్పు కాగితం మీదే దొరికిపోతుంది. ఒక గడిలో ముక్కు గీత కుడికి ఉంటే ఎదుటివాడి గడిలో ఎడమకు ఉండాలి.

బొమ్మలు రానివాళ్లకే మేలు అన్నది ఇందుకు: బాగా వచ్చినవాడు గడిని అందంగా పూర్తిచేసి, దాన్ని వదల్లేక సెట్లో నటుణ్ని ఆ గడిలోకి ఇరికిస్తాడు. పుల్లబొమ్మ మీద ఎవరికీ మమకారం ఉండదు.

ప్రశ్న: 'బుద్ధిమంతుడు'లో అక్కినేని ఇద్దరుగా కనిపిస్తారు. 1969లో కంప్యూటరు లేకుండా ఒకే ఫ్రేములో ఇద్దరిని ఎలా కలిపేవారు?

జవాబు: ఆ కాలపు ద్విపాత్రాభినయంలో మూడొంతులు మోసం చాలా మామూలుది. ఒకరి ముఖం చూపిస్తూ, ముందు వైపు అదే ఎత్తూ అదే జుట్టూ ఉన్న మరో మనిషి భుజం చూపిస్తారు. మిగిలిన నాలుగో వంతుకే అసలు ట్రిక్కు.

అది ఇలా. కెమెరాను ముక్కాలి మీద పెట్టి, కాళ్ల కింద ఇసుక బస్తాలు వేసి కదలకుండా బిగిస్తారు. లెన్సు ముందు డబ్బాలో నల్ల అట్టముక్క పెట్టి కుడి సగం మూసేస్తారు. అక్కినేని అన్న వేషంలో ఎడమ సగంలో నటిస్తారు. మూసిన సగంలో ఫిల్ముకు వెలుగు తగలదు. తర్వాత లెన్సు మూసి, ఫిల్మును మొదలుపెట్టిన ఫ్రేముకే వెనక్కి తిప్పుతారు. అట్టను మార్చి ఎడమ సగం మూసి, వేషం మార్చుకొచ్చిన నటుణ్ని కుడి సగంలో నటింపజేస్తారు. ఒకే నెగెటివ్ మీద రెండు సగాలూ కలుస్తాయి. మద్రాసు స్టూడియోల్లో మిచెల్ కెమెరాను ఇలాంటి పనికి మెచ్చుకునేవారు, ఎందుకంటే అందులో ఫిల్మును పిన్నులు రంధ్రాల్లో దిగి పట్టుకుంటాయి. రెండోసారి తిప్పినా ఫ్రేము అదే చోట కూర్చుంటుంది. ఆ పట్టు లేని కెమెరాలో రెండు సగాలూ ఒకదానికొకటి వణుకుతూ కనిపిస్తాయి.

అట్టముక్క అంచు లెన్సుకు ఎంత దగ్గరగా ఉంటే అతుకు అంత మసకగా వస్తుంది. మరీ దగ్గరైతే మధ్యలో నల్లటి చార, మరీ దూరమైతే కత్తితో కోసినట్టు గీత. అందుకే అతుకును స్తంభం అంచునో తలుపు చట్రాన్నో అనుసరించి వేస్తారు. పాత సినిమాల్లో ఇద్దరి మధ్యా అనవసరంగా ఓ స్తంభం నిలబడి ఉందంటే కారణం ఇదే.

బెడిసికొట్టేవి మూడు. ఒకటి నీడ: ఎడమ మనిషి నీడ అతుకు దాటితే అక్కడే తెగిపోతుంది. రెండోది వెలుగు: వేషం మార్చడానికి గంట పడుతుంది, ఆరుబయట అయితే ఈలోగా సూర్యుడు జరిగిపోతాడు, అందుకే ఇవి ఎక్కువగా సెట్లోనే తీస్తారు. మూడోది చూపు. ఎదుట మనిషి లేడు, గాలిలోకి చూసి మాట్లాడాలి. అసిస్టెంటు ఒకరు సరైన ఎత్తులో కర్రకు గుడ్డ కట్టి పట్టుకుంటే నటుడు దాన్ని చూస్తాడు. రెండు అంగుళాలు తేడా వచ్చినా అన్నదమ్ములు ఒకరి చెవిని ఒకరు చూసుకుంటున్నట్టుంటుంది. మాటల మధ్య విరామం కూడా లెక్కే, అవతలి డైలాగు పట్టేంతసేపు ఇవతల ఆగాలి.

ప్రశ్న: 'ముత్యాల ముగ్గు' ఫొటోగ్రఫీ అంతకు ముందు తెలుగు రంగుల సినిమాల్లా ఉండదు. ఏం తేడా?

జవాబు: తేడా పేరు కెమెరామన్ ఇషాన్ ఆర్య. 1975లో వచ్చిన ఆ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగా ఒకటి, ఛాయాగ్రహణానికి ఒకటి, రెండు జాతీయ అవార్డులొచ్చాయి. అప్పటి అలవాటు ప్రకారం రంగుల సినిమా అంటే నేరుగా ముఖం మీదికి లైట్లు గుప్పించడమే. నుదురు మెరుస్తుంది, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది, వెనక గోడ మీద మనిషికి ఇంకో మనిషి తోడు. ఇషాన్ ఆర్య వెలుగును తెల్లటి వాటి మీద కొట్టి, తిరిగొచ్చిన మెత్తని వెలుగును వాడుకున్నారు. నాయిక సంగీత ముఖం, ముగ్గు, పచ్చని తోట, అన్నీ పొద్దున ఏడింటి వెలుగులో చూసినట్టుంటాయి.

ఇంట్లో చేసి చూడాలంటే నాలుగడుగుల తెల్ల థర్మోకోల్ షీటు చాలు. మనిషిని కిటికీకి పక్కగా కూర్చోబెట్టండి. కిటికీ లేని వైపు మూడు నాలుగు అడుగుల దూరంలో షీటును, కిటికీ వెలుగు దాని మీద పడి ముఖం మీదికి తిరిగేలా వాలుగా పెట్టండి. దగ్గరికి జరిపితే నీడ తేలికవుతుంది, దూరం జరిపితే చిక్కబడుతుంది. రెండు వైపులా వెలుగు సమానమయ్యేంత దగ్గరికి తీసుకొస్తే ముఖం అప్పడంలా చదునైపోతుంది. ఎక్కడ ఆపాలన్నదే కళ. ఆరుబయట గాలికి షీటు ఊగితే ముఖం మీద వెలుగు మిణుకుమంటుంది, అది వీడియోలో ఎంత దిద్దినా పోదు. ఇద్దరు పట్టుకోవాలి, లేదా ఇటుకలు ఆనించాలి. వెండి రేకు వాడకండి, కళ్లు మూతలు పడతాయి. రంగు గోడ దగ్గర జాగ్రత్త, ఆ రంగు కూడా తిరిగొచ్చి చెంప మీద కూర్చుంటుంది.

ప్రశ్న: 'అందాల రాముడు' పడవ సినిమాకు గోదావరి మీద ఏమి ఇబ్బంది?

జవాబు: పడవ మలుపు తిరిగితే సూర్యుడు కూడా తిరుగుతాడు, అదే ఇబ్బంది. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా సాగే ఆ కథలో (1973) డెక్కు మీద జరిగే సీనుకు ముఖం మీద వెలుగు ఒకలా ఉండాలంటే పడవ ఒకే దిక్కుకు పోతున్నంతసేపే తీయాలి, లేకపోతే వెనక్కి వచ్చి మళ్లీ అదే దారి పట్టాలి. ఇంజను నడుస్తుంటే మాట రికార్డు కాదు, తర్వాత డబ్బింగు తప్పదు. కొండలు వెనక్కి జరిగే వేగం ఒక షాటుకూ ఇంకో షాటుకూ మారితే కూర్చున్నవాళ్లు పరుగెత్తినట్టుంటుంది. ముందుగా గీసుకున్న గడులు ఇలాంటి చోట ప్రాణం పోస్తాయి, ఒక దిక్కు షాట్లన్నీ ఒకేసారి, రెండో దిక్కువి తర్వాత.

ప్రశ్న: బాపు టీవీ పని గురించి ఎవరూ రాయరెందుకు? సినిమా తీసినవారికి టీవీ తేలికే కదా?

జవాబు: రాయకపోవడం మన తప్పే. ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు బడిపిల్లల కోసం బాపు, రమణ వీడియో పాఠాలు తీశారు. తర్వాత ఈటీవీ కోసం 'శ్రీభాగవతం' ధారావాహిక. తేలికన్నది మాత్రం ఒప్పుకోలేం.

అప్పటి టీవీ తెర నాలుగుకు మూడు. మన గడి లెక్కలో 8 సెంటీమీటర్ల వెడల్పుకు 6 ఎత్తు. స్కోపు తెర మీద రాముడూ సీతా లక్ష్మణుడూ పక్కపక్కన నిలబడి, ఇంకా చుట్టూ అడవి కనిపిస్తుంది. నాలుగు మూడు తెరలో ముగ్గురు నిలబడితే నాలుగో వాడికి చోటు లేదు. అందుకే వరస బదులు మెట్లు కావాలి: ఒకరు కూర్చుని, ఒకరు నిలబడి, ఒకరు వెనక అరుగు మీద. పటం కట్టే చెయ్యికి ఇది కొత్త కాదు, దేవుడి పటాల్లో పరివారాన్ని పేర్చేది ఇలాగే.

పైగా పాత గాజు తెర టీవీలు బొమ్మ అంచుల్ని మింగేసేవి. ప్రతి వైపూ పదో వంతు వదిలి, మధ్యలో ఉన్న భాగంలోనే అక్షరాలు వేయాలన్నది నియమం. దాన్ని పాటించని సీరియళ్లలో "దర్శకత్వం" కాస్తా "ర్శకత్వ" అయ్యేది. సినిమాలో దూరం నుంచి చూపిన రథం గొప్పగా ఉంటుంది, 21 అంగుళాల టీవీలో అది అగ్గిపెట్టె. కాబట్టి ముఖాలు దగ్గరగా, ఆభరణాలు తక్కువగా, వెనక రంగులు ముందువాటికన్నా వెలిసినట్టుగా పెట్టాలి. వీడియోలో చిక్కటి ఎరుపు అంచులు దాటి కారుతుంది, పట్టుచీరల కథలో అది నిత్యం తలనొప్పి.

పురాణాలకు ఇంకో చిక్కుంది, దాన్ని కాస్త దగ్గరగా చూడండి. నీలం తెర ముందు నటుణ్ని నిలబెట్టి తీసి, నీలం ఉన్నచోటల్లా వేరే దృశ్యం పెట్టడం టీవీ ట్రిక్కుల్లో మొదటి పాఠం. భాగవతంలో నాయకుడే నీలమేఘశ్యాముడు! ఒంటికి నీలం పూసిన కృష్ణుణ్ని నీలం తెర ముందు పెడితే కృష్ణుడి ఛాతీలోంచి యమునా నది కనిపిస్తుంది. సరే ఆకుపచ్చ తెర కడదామంటే తులసిమాల మాయం, నెమలిపింఛంలో సగం మాయం. ఒంటి రంగును తెర రంగుకు దూరంగా జరపడం, అంటే నీలంలో బూడిద కలపడం, మాలను విడిగా తీసి అతకడం, ఇవే దారులు. తెరకూ నటుడికీ మధ్య కనీసం ఆరడుగులు ఉండాలి, లేకపోతే తెర రంగు ఒంటి అంచుల మీద పడి ఆకారం చుట్టూ పాచి పట్టినట్టుంటుంది. తెర మీద వెలుగు అంతటా ఒకటే ఉండాలి, ముడత పడిందంటే ఆ ముడత ఆకాశంలో కనిపిస్తుంది.

ఈ బాధలేవీ 'సీతాకల్యాణం' (1976) నాటికి లేవు, వేరే బాధలుండేవి. గంగ ఆకాశం నుంచి దిగే ఘట్టం ఫిల్ము మీదే అతికిన పని. రవికాంత్ నగాయిచ్ ట్రిక్కులకు బాపు ఫ్రేము కూర్పు తోడై ఆ సినిమాను లండన్, షికాగో చిత్రోత్సవాల దాకా తీసుకెళ్లాయి. ఇప్పటికీ ఆ ఘట్టంలో అతుకు వెతకాలనిపించదు, కూర్పు అంత కట్టిపడేస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో పాత పత్రికల్లోని బాపు బొమ్మలు స్కాన్ చేసి పెద్దవి చేస్తే గీతలు ముక్కలవుతున్నాయి. వెనక పేజీ అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి.

జవాబు: రెండో దానికి మందు తేలిక. పేజీ వెనక నల్ల కాగితం పెట్టి స్కాన్ చేయండి, వెనక అచ్చు కనిపించడం చాలామటుకు పోతుంది. తెల్ల మూత వెలుగును తిప్పికొట్టబట్టే అది పైకి తేలుతోంది.

గీతల సంగతికి అచ్చు తెలియాలి. అప్పటి పత్రికల్లో గీతబొమ్మను ఫొటో తీసి, జింకు రేకు మీద ఆసిడ్డుతో చెక్కి బ్లాకు చేసేవారు. బ్లాకులో నలుపు ఉంటుంది లేదా ఉండదు, బూడిదరంగు అన్నది లేదు. న్యూస్‌ప్రింటు సిరాను పీల్చుకుని గీతను లావు చేస్తుంది. మరీ సన్న గీత బ్లాకులో తెగిపోతుంది, దగ్గరగా గీసిన గీతల మధ్య సిరా పూడుకుంటుంది. అందుకే బొమ్మను అచ్చు కొలతకు ఒకటిన్నర నుంచి రెండింతలు పెద్దగా వేసి తగ్గించేవారు, తగ్గినప్పుడు చేతి వణుకు కూడా తగ్గిపోతుంది. బాపు గీత ఒకచోట లావుగా దిగి, ఒంపు దగ్గర సన్నబడి, జడ కొసన మళ్లీ బలపడటం అందానికే కాదు, ఆ కాగితాన్ని తట్టుకోవడానికి కూడా. ఖాళీని ఖాళీగా వదిలేయడమూ అంతే.

మీరు స్కాన్ చేసేటప్పుడు "నలుపు తెలుపు" మీట నొక్కుతున్నట్టున్నారు. యంత్రం సన్న గీతల్ని తెలుపు కింద జమ కట్టేస్తోంది. అంగుళానికి 600 చుక్కల చొప్పున, గ్రే పద్ధతిలో స్కాన్ చేసి, టిఫ్ ఫైలుగా దాచుకోండి. ముందు పెద్దది చేసి, ఆ తర్వాతే నలుపు తెలుపు హద్దు సరిచేయండి. వరస తారుమారైతే మెట్లు మెట్లుగా వస్తుంది.

ప్రశ్న: పెళ్లి శుభలేఖకు బాపు అక్షరాల ఫాంటు వాడాం. ఎందుకో బాపు చేతిరాతలా లేదు. ఏమి లోపం?

జవాబు: మీ శుభలేఖలో "మ" ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. చేత్తో రాసినవాడు ఒక మాటలో రెండు "మ"లొస్తే రెండోదాన్ని కొంచెం వంచుతాడు, మాట చివర్లో తోక లాగుతాడు. పెద్ద అక్షరాల్లో ఉన్న పేర్లను మాత్రం ఫాంటులో వదలకుండా, అక్షరాల్ని గీతలుగా మార్చుకుని ఒక్కోదాన్ని రెండు మూడు డిగ్రీలు తిప్పండి, తలకట్ల కోణం మార్చండి, ఒక అక్షరాన్ని వెంట్రుకవాసి పైకెత్తండి. వరసల మధ్య దూరం అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తక్కువుంటే పై వరస ఒత్తులు కింది వరస తలకట్లను గుద్దుకుంటాయి. వివరాలన్నీ కూడా అదే ఫాంటులో పెట్టకండి. ముహూర్తం అంకెలు మామూలు అచ్చులో ఉంటేనే బంధువులు సమయానికి వస్తారు.

ప్రశ్న: హిందీలో బాపు ఏం తీశారు?

జవాబు: చాలానే. 'హమ్ పాంచ్' (1980) ఆయన తెలుగులో తీసిన 'మన ఊరి పాండవులు' (1978) కథే, దానికి మూలం కన్నడం. బోనీ కపూర్ నిర్మాత, సంజీవ్ కుమార్, షబానా ఆజ్మీ, మిథున్ చక్రవర్తి, నసీరుద్దీన్ షా నటులు. 'వో సాత్ దిన్' (1983) అనిల్ కపూర్‌కు హిందీలో నాయకుడిగా నిలదొక్కుకునే దారి చూపింది. అంతకు ముందే ఆ కుర్రాణ్ని 'వంశవృక్షం' (1980)తో తెలుగులో నాయకుణ్ని చేసింది బాపే. 'వో సాత్ దిన్' కథను కూడా తెలుగులో 'రాధాకల్యాణం' (1981)గా ముందే తీశారు, దాని మూలం తమిళం. అంటే ఒకసారి తెలుగులో గీసిన గడుల్ని హిందీలో సరిదిద్దుకునే అవకాశం దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది మార్చారో, ఏది మార్చలేదో కనిపిస్తుంది. దర్శకత్వం నేర్చుకునేవాళ్లకు మంచి అభ్యాసం.

ప్రశ్న: ఒక విమర్శ. బాపు సినిమాల్లో ఆడవాళ్లంతా ఒకేలా ఉంటారు, వాల్జడా పెద్దకళ్లూ. సీను బొమ్మలా ఆగిపోతుంది. అభిమానులు ఒప్పుకోరు.

జవాబు: మేం సగం ఒప్పుకుంటాం. ఆగిపోవడం ఉంది. కూర్పు బాగా కుదిరిన చోట కెమెరా కదలదు, నటి కూడా కదలదు, పాట మాత్రం నడుస్తుంటుంది. పైన చెప్పిన జబ్బే, గడి మీద మమకారం. సీతను మళ్లీ మళ్లీ సాంఘికాల్లోకి తీసుకొచ్చి ఓర్పు పరీక్ష పెట్టారన్నదీ నిజమే. 'ముత్యాల ముగ్గు' ఉత్తర రామాయణమే.

అయితే రెండు మినహాయింపులు చెప్పాలి. 'పెళ్లి పుస్తకం' (1991) రావి కొండలరావు కథ. పెళ్లికానివాళ్లు అయినట్టు నటించే పాత కథను తిరగేసి, పెళ్లయినవాళ్లు కానట్టు నటిస్తే ఏమవుతుందన్నది. అక్కడ ఆఫీసు బల్లల మధ్య దొంగచూపులకే సీన్లు నడుస్తాయి, పటాలకు చోటే లేదు. రెండోది 'మిస్టర్ పెళ్లాం' (1993), ఇంటి లెక్క చూడగల భార్య, పందెం కట్టే భర్త. ఆమని ఆ సినిమాలో బొమ్మ కాదు. దానికీ జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు వచ్చింది. విమర్శించేవాళ్లు ఈ రెండూ చూసి మళ్లీ రాస్తే వేస్తాం.

ప్రశ్న: పద్మశ్రీ ఎప్పుడొచ్చింది?

జవాబు: 2013లో, అదీ తమిళనాడు జాబితాలో. రఘుపతి వెంకయ్య అవార్డు మాత్రం 1986లోనే వచ్చింది.

ప్రశ్న: మా పిల్లలకు బాపు సినిమాలు చూపించాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? చివరిది 'శ్రీరామరాజ్యం'తో మొదలెడితే?

జవాబు: దాంతో వద్దు. అది బాపు పూర్తిచేసిన చివరి సినిమా. 2011 నవంబరులో విడుదలయ్యేనాటికి ఆయనకు 77 ఏళ్లు. రాసిన రమణ అదే ఏడాది ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. నయనతార సీత, ఇళయరాజా పాటలు బాగుంటాయి. కాని కంప్యూటరు అయోధ్య గోడలు మరీ నున్నగా ఉంటాయి, చేతి గీత ఉండదు. ముందు అది చూసిన పిల్లలు బాపు అంటే అదే అనుకుంటారు.

పదేళ్ల లోపు పిల్లలైతే 'సీతాకల్యాణం'లో గంగావతరణం ఒక్క ఘట్టం చూపించి ఆపండి, మిగతాది వాళ్లే అడుగుతారు. కాస్త పెద్దవాళ్లకు 'పెళ్లి పుస్తకం'. 'ముత్యాల ముగ్గు' అప్పుడు, కాంట్రాక్టరు రావు గోపాలరావు మాటల రుచి తెలిసే వయసులో. 'సాక్షి' నలుపు తెలుపు, నెమ్మది, పదిహేనేళ్లు దాటాక. పక్కన 'బుడుగు' పుస్తకం పడేసి ఉంచండి. అందులో ఒక బొమ్మ చూసి, సినిమాలో ఒక షాటు ఆపి, రెండూ ఒకే చెయ్యి వేసినవని వాళ్లంతట వాళ్లు పట్టుకుంటారేమో చూడండి. సినిమా ఆపినప్పుడు తెర మీద కాగితం పెట్టి ఆ షాటును పుల్లబొమ్మల్లో దించమనండి, టీవీ మీద వద్దు, గీతలు పడతాయి. లాప్‌టాప్ మీద పల్చటి బటర్ పేపరు అయితే సరిపోతుంది, వెలుగు పూర్తిగా పెంచాలి.